అపోఫిస్ రాకకు మన ఆయత్తము

శావల్యాపురము నేడు రెండు రైలుమార్గములు కలియు కూడలి. గుంటూరునుండి గుంతకల్లు పోవు పాతదారిని నడికుడినుండి వచ్చు క్రొత్తదారి యిచ్చట కలసినది. బండివేళకు ముందుగా స్టేషను చేరవలెనని యీ యూరివారికి వేరుగ చెప్పనేల? ఆకాశమునను అట్టి బండి యొకటి వచ్చుచున్నది. దాని వేళ నిర్ణయమైనది. ఆగుట మాత్రము లేదు.

2004లో కనుగొనబడిన అపోఫిస్ అను గ్రహశకలము 2029 ఏప్రిల్ 13న, మన కాలమానము ప్రకారము 14 తెల్లవారుజామున, భూతలమునకు సుమారు 32,000 కిలోమీటర్ల దూరమున సాగిపోవును. మన ఇన్సాట్ ఉపగ్రహములకంటెను అది చేరువ. దాని వెడల్పు సుమారు 340 మీటర్లు. నూరేండ్లవరకు అది భూమిని తాకదని 2021లో రేడార్ పరిశీలనలు తేల్చినవి.

తానై చెంతకు వచ్చుదానిని చేరుట యెంతపని యని తోచవచ్చును. కాని రోదసిలో దూరముకంటె వేగము ముఖ్యము. సమానవేగము పొందనిదే దాని ప్రక్క నిలువజాలము. భూకక్ష్యను పోలిన కక్ష్యలో తిరుగు కొన్ని శకలములను చేరుటకు చంద్రునిపై దిగుటకంటె తక్కువ యింధనము చాలును. అయితే వాటి సంవత్సరము మన సంవత్సరమునకు దాదాపు సమానము గనుక, ఒకసారి యెడమైనవి మరల దరిచేరుటకు ఏండ్లు పట్టును. మానవులు పోయిరాదగిన శకలముల పట్టిక కట్టుచున్న నాసావారు మొత్తము యాత్రకు 450 దినములు హద్దు పెట్టిరి. ర్యుగూనుండి మట్టి తెచ్చిన జపాను నౌకకు ఆరేండ్లు, బెన్నునుండి తెచ్చిన అమెరికా నౌకకు ఏడేండ్లు పట్టెను. స్వల్పయాత్రకు ముహూర్తమే మూలధనము.

సాగునీటికై యెదురుచూచు పల్నాటి రైతునకు దీనితో నేమి పని యందురు. ఇంతటి శిల పడినచో ఒక సీమయంతయు నాశనమగును. శకలముల దారి మరల్చవచ్చునని 2022లో డార్ట్ నౌక నిరూపించినది. కాని త్రోయుటకు ముందు అది గట్టిరాయియో గులకరాళ్ల కుప్పయో తెలియవలెను. భూమ్యాకర్షణ అపోఫిస్‌ను కుదుపునపుడు దగ్గరనుండి చూచినచో ఆ సంగతి కొంత బయటపడును. ఇందుకే ఐరోపావారు 2028లో రామ్సెస్ నౌకను పంప సంకల్పించిరి.

ఈ పరిశోధనలో మనమును పాల్గొనవలెనని 2024లో నాటి ఇస్రో అధ్యక్షులు సోమనాథ్ కోరిరి. శక్తి లేదనుటకు వీలులేదు. 2012 ఆగస్టులో అనుమతి పొందిన మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి లేచినది. కుజునికైన ఇరువదియారు నెలలకొక అవకాశము వచ్చును. ఇంతటి శిల యింత చేరువకు వచ్చుట కొన్నివేల యేండ్ల కొకమారు. నౌక పంపుదుమా, పరుల నౌకలో మన పరికరమొకటి నుంతుమా అను చర్చ ఎంతైన సాగవచ్చును. బండి మాత్రము మన తీర్మానముకొరకు ఆగదు.