పోపుల పెట్టెలో ఆర్కెస్ట్రా!

కర్నూలులోనో కడపలోనో ఓ కుర్రాడు షార్ట్‌ఫిల్మ్‌కి నేపథ్య సంగీతం చేయాలనుకున్నాడనుకోండి. అరవైమంది వాద్యకారులను ఎక్కణ్నుంచి తెస్తాడు? అక్కర్లేదు. వయొలిన్ నుంచి ట్రంపెట్ దాకా ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయించి, రికార్డు చేసి పెట్టిన 'శాంపిల్ లైబ్రరీ'లు ఉన్నాయి. కీబోర్డు మీద మెట్టు నొక్కితే ఆ స్వరమే పలుకుతుంది. 2000లో మొదలైన 'వియన్నా సింఫనిక్ లైబ్రరీ' అలాంటిదే.

చిక్కల్లా ఏమిటంటే... ఒక్క వయొలిన్‌కే సాగదీసిన స్వరం, తుంచిన స్వరం, వేలితో మీటిన స్వరం! అందులో మళ్లీ మెల్లగా, గట్టిగా. మొత్తం వేల ఫైళ్లు. అన్నీ ఒకేసారి తెరిస్తే మామూలు ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. కావాల్సింది వెతికేలోగా మనసులో మెదిలిన బాణీ కాస్తా ఎగిరిపోతుంది.

వంటింట్లో అమ్మ ఏం చేస్తుంది? నెల సరుకంతా డబ్బాల్లో సర్దేస్తుంది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి మాత్రం పోపుల పెట్టెలో చేతికందేలా ఉంచుతుంది. సంగీతంలో ఆ పెట్టె పేరే 'టెంప్లేట్'. పైన ఫ్లూట్, క్లారినెట్‌లు, వాటి కింద ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలు, ఆపై తాళవాద్యాలు, అట్టడుగున వయొలిన్ కుటుంబం. ఆర్కెస్ట్రా స్వరపత్రంలో ఉండే వరుస ఇదే. ఒక్కో గుంపుకీ ఒక్కో రంగు ఇవ్వాలి. తరచూ వాడేవే తెరిచి ఉంచాలి. మిగతావి పేరు కనిపించేలా పెట్టి, ఆపి ఉంచితే చాలు. కొత్త ల్యాప్‌టాప్ కోసం నాన్నను అడిగేముందు ఈ పని చేసి చూడాలి.

మరి మన తప్పెట, చెక్కభజన? విదేశీ లైబ్రరీల్లో దొరకడం కష్టం. కళాకారుల అనుమతితో మనమే రికార్డు చేసుకోవాలి. ఒక్కో దెబ్బనూ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా... ప్రతిదీ నాలుగైదుసార్లు. ఎందుకంటే ఒకే దెబ్బ పదే పదే మోగితే అచ్చం మిషన్‌లా ఉంటుంది. ఫైలుకి 'కొత్తది 1' అని పేరుపెడితే ఆర్నెల్లకు మీకే అర్థంకాదు. వాద్యం, దెబ్బ, ఊరు, ఏడాది, వాయించినవారి పేరు రాయండి.

పేరు రాసిపెట్టడం ఈ సీమకు కొత్తేం కాదు. తాళ్లపాక అన్నమయ్య పాటలు రాగిరేకులకెక్కి తిరుమలలో శతాబ్దాలపాటు ఉండిపోయాయి. 1922లో వెలుగు చూశాయి. ఆధ్యాత్మికం, శృంగారం అని విడదీసి, పాటలకు రాగం పేరు కూడా చెక్కారు. స్వరాలు మాత్రం చెక్కలేదు. అందుకే ఎన్నో పాటలకు బాణీలు కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు తప్పెట మోతను మోతగానే దాచుకునే వీలుంది. దాచేటప్పుడు ఆ రెండు ముక్కలూ రాయడం మరవకండి!