ఒకే మడిలో రెండు పంటలు

అమెరికాలో పెరుగుతున్న మన బిడ్డల్లో కొందరు “ఇంజనీరింగ్ చదివి, ఆ తరువాత డాక్టరునవుతాను” అంటున్నారు. ఎం.పి.సి. వారు ఇంజనీర్లు, బై.పి.సి. వారు డాక్టర్లు అనే లెక్క తెలిసిన మనకు ఇది వింతగా తోచవచ్చు. కానీ అక్కడ అది సాధ్యమే.

అక్కడ సాధారణంగా ముందు 4 సంవత్సరాల డిగ్రీ, తరువాత 4 సంవత్సరాల వైద్యవిద్య. ‘ప్రీమెడ్’ అనేది డిగ్రీ పేరు కాదు, మెడికల్ కాలేజీకి సిద్ధపడడం మాత్రమే. డిగ్రీ ఏ విషయంలోనైనా ఉండవచ్చు. అయితే చాలా కాలేజీలు బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కొక్క సంవత్సరం చొప్పున ల్యాబులతో సహా కోరతాయి. బయోకెమిస్ట్రీ, ఇంగ్లీషు కూడా తరచుగా అడుగుతాయి. ఏ కాలేజీ ఏమి కోరుతుందో ముందే చూసుకోవాలి.

ఇంజనీరింగ్ విద్యార్థికి లెక్కలు, ఫిజిక్స్, కొంత కెమిస్ట్రీ ఎలాగూ ఉంటాయి. అదనంగా పడే బరువు బయాలజీ, ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ. కెమికల్, బయోమెడికల్ శాఖల్లో వీటిలో కొన్ని కలిసివస్తాయి. సివిల్, ఎలక్ట్రికల్ శాఖల వారికి బరువు ఎక్కువ.

మరొక లెక్క ఉంది. డిగ్రీ కాగానే చేరాలంటే మూడవ సంవత్సరం ముగిసే వేసవిలోనే దరఖాస్తు పెట్టాలి. ఆ లోగా ఎంక్యాట్ పరీక్ష వ్రాయాలి. 2015 నుండి అందులో బయోకెమిస్ట్రీ, సైకాలజీ, సోషియాలజీ కూడా చేరాయి. కాబట్టి మొదటి సంవత్సరంలోనే కెమిస్ట్రీ మొదలుపెట్టి, రెండవ ఏట ఆర్గానిక్, మూడవ ఏట బయోకెమిస్ట్రీ వచ్చేలా, బయాలజీని ఆ మధ్యలో ఇమిడ్చి సలహాదారుతో కూర్చుని పట్టిక వేసుకోవాలి.

మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇది. ఒకే మడిలో రెండు పంటలు వేసే రైతు నీరు, ఎరువు, అదను చూసుకుంటాడు. చూసుకోకపోతే రెండూ ఎండుతాయి. ఒకే సెమిస్టరులో ఆర్గానిక్‌తో పాటు థర్మోడైనమిక్స్ వంటి బరువైన పాఠాలు, రెండు మూడు ల్యాబులు పెట్టుకుంటే మార్కులు పడిపోవచ్చు. ఇంజనీరింగ్ కష్టమని మెడికల్ కాలేజీ వారు మన్నిస్తారని నమ్ముకోరాదు. కొన్ని పాఠాలు వేసవిలో చదవవచ్చు. డిగ్రీ అయ్యాక ఒక సంవత్సరం ఆగి దరఖాస్తు చేసేవారు కూడా అనేకులు. అది వెనుకబాటు కాదు.

ఇక్కడి నుండి చదువుకు వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి. అమెరికా పౌరసత్వం గాని, శాశ్వత నివాసం గాని లేనివారిని చాలా మెడికల్ కాలేజీలు చేర్చుకోవు. ఇది తెలియకుండా భూమి తాకట్టు పెట్టవద్దు.

బిడ్డను “రెండూ చదువు, ఏదో ఒకటి దక్కుతుంది” అని తోయకండి. వైద్యం దొరకకపోయినా ఇంజనీరుగా సంతోషంగా బ్రతుకుతావా అని అడగండి. అవునంటే ఆ దారి మంచిదే. కాదంటే తనకు నచ్చిన మరొక డిగ్రీతోనూ వైద్యానికి వెళ్లవచ్చు.