శ్రమకు తోడు స్వరము

శ్రమించు మానవునికి కంఠమే తొలి చెలికాడు. తెలుగునాట దంపుళ్ల పాటలు, నాట్ల పాటలు, తిరుగలి పాటలు ఇందుకు సాక్ష్యములు. బిజాపూరు సూఫీల కాలమున దక్కనీ భాషలో వెలసిన చక్కీనామాలు సైతము తిరుగలి త్రిప్పుచు స్త్రీలు పాడుకొన్నవే. మన కళాశాలలోని రెండు భాషలకును ఇది ఉమ్మడి సంపద.

నేటి ఉద్యోగములలో ఈ తోడు కరవైనది. గుమాస్తా గంటల తరబడి మౌనముగా కంప్యూటరు ముందు కూర్చుండును. కాల్ సెంటరు ఉద్యోగి, క్రిక్కిరిసిన తరగతిలో మైకు లేకుండ బోధించు అధ్యాపకుడు గొంతునే అరగదీసికొందురు. అందరికిని ఊపిరి పైపైననే ఆడును. మెడ, భుజములు బిగుసుకొనును.

ఉపశమనము మన వద్దనే కలదు. నిటారుగా కూర్చుండి, భుజములు వదులు చేసి, ముక్కుతో నిదానముగా గాలి పీల్చవలెను. పెదవులు మూసి, పండ్లు ఎడముగా ఉంచి, ఊపిరి ఉన్నంతవరకు తుమ్మెద నాదమువలె ‘మ్’ అని సన్నగా పలుకవలెను. ఇట్లు ఐదుసార్లు చేసి, పసివాండ్రు బండి ఆట ఆడునట్లు పెదవులు అదరించుచు ‘బుర్ర్’ అనవలెను. గొంతును బలవంతపెట్టరాదు, తల తిరిగినచో ఆపవలెను.

ఇందు మాయ లేదు. గాలి పీల్చునపుడు గుండె వేగము కొంత పెరుగును, విడుచునపుడు తగ్గును. నాదము చేయువాడు తెలియకనే దీర్ఘముగా గాలి విడుచును, మనస్సు కుదుటపడును. గుండెను నెమ్మదింపజేయు వేగస్ నాడి శాఖలే స్వరపేటికకును చేరుట గమనింపదగినది. అయితే బొంగురు మూడు నాలుగు వారములు దాటినచో వైద్యుని చూడవలసినదే.

ఒక్క హెచ్చరిక. స్వరసాధన పనిభారమును తగ్గింపజాలదు; మోయువానికి కొంత ఊపిరి మాత్రమే ఇచ్చును. మితిమీరిన పనిగంటలకు మందు యజమాని చేతిలో ఉన్నది. అలసిన వానికి ‘నాదము చేసికొమ్ము’ అని చెప్పి చేతులు దులుపుకొనుట న్యాయము కాదని మా దృఢాభిప్రాయము.

కావున కళాశాల సంఘము వారికి రెండు మనవులు: పెద్ద తరగతి గదులలో మైకులు అమర్చుడు, మధ్యాహ్న విరామమున ఒక ఖాళీ గదిని ఈ సాధనకై కేటాయింపుడు. విద్యార్థి మిత్రులారా, రేపు మీరు చేరబోవు ఉద్యోగమేదైనను మీ కంఠము మీ వెంటనే వచ్చును. దానిని నేటినుండియే కాపాడుకొనుడు.