కంప్యూటరుకి కులం లేదంట!

"ప్రతిదాంట్లోకీ కులాన్ని లాక్కొస్తారేంది మాస్టారూ? కంప్యూటరుకి కులం యాడుంది? అందరికీ ఒకటే తెర, అందరికీ పద్నాలుగు అంకెల నంబరే గదా!" అన్నాడు మొన్న వెంకటాచలంలో టీ బంకు కాడ ఒక పెద్దమనిషి. చదువుకున్నోడే. ఆయనకి జవాబు అక్కడే చెప్పాను. ఆ మాట నమ్మే మనవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక పాత సంగతి. 1929లో గుజరాత్ కథియవాడ్‌లో నాలాంటి ఒక అంటరాని బడిపంతులు భార్యకి కాన్పయింది. రెండు రోజులకి జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దల్ని పట్టుకుని, రెండు రూపాయల ఫీజుకి పూచీ ఇప్పించి బతిమాలితే, బాలింతని వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. తెచ్చారు. డాక్టరు థర్మామీటరుని ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన మొగుడికి, మొగుడు పెళ్ళానికి. అదే వరసలో అది వెనక్కి పోయింది. దీపం వెలుగులో అంకె చూసి, న్యుమోనియా అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. తర్వాత మళ్ళీ రానన్నాడు. ఆ తల్లి చచ్చిపోయింది. బాబాసాహెబ్ అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ సంగతి నమోదు చేశాడు.

ఇప్పుడు చెప్పండి, థర్మామీటరుకి కులం ఉందా? లేదు. దాన్ని పట్టుకున్న చేతికి ఉంది. ఆ డాక్టరుకి ఆమె ఒంటి వేడి అంకె కావాల్సొచ్చింది, ఒళ్ళు మాత్రం అంటరానిదయింది. తొంభై అయిదేళ్ళు దాటాక ఆ థర్మామీటరు స్థానంలోకి ట్యాబు వచ్చింది.

మా పెద్దమ్మ సంగతి చెప్తా. అరవై దాటింది. నాట్లేసి, రొయ్యల గుంటల కాడ పనిచేసి వేళ్ళ గీతలు అరిగిపోయినాయి. షుగరుంది, బీపీ ఉంది. కాలికి పుండు పడితే ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. ఏ ఆసుపత్రో రాయను, ఒక్కచోట తప్పయితే రాసేవాణ్ణి. కౌంటరు కాడ "ఆధార్ చెప్పు, వేలు పెట్టు" అన్నారు. వేలు పడలా. ఇంకో వేలు, అదీ పడలా. "అయితే ఓటీపీ చెప్పు" అన్నారు. ఆ ఓటీపీ ఎవరి ఫోనుకి పోయిందో తెలుసా? గుంటల కాడ లెక్కలు రాసే గుమస్తా ఫోనుకి! పెద్దమ్మకి ఫోను లేదు. ఎప్పుడో ఆధార్‌కి ఏదో ఒక నంబరు కావాలంటే ఆయన తన నంబరు ఇచ్చాడు. ఆమె జబ్బు వివరం తెరవడానికి తాళంచెవి ఆమె కూలిచ్చేవాళ్ళ జేబులో ఉంది. దీని పేరు "సమ్మతి". గుమస్తాకి ఫోను చేసి, అంకె అడిగి చెప్పేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పెద్దమ్మ పుండు మీద ఈగలు తోలుకుంటా బల్ల మీద కూర్చోనుంది. "నా కాలు చూడరా అయ్యా, నా వేలు దేనికి?" అనింది. ఈ ప్రశ్నకి జవాబు ఏ సాఫ్ట్‌వేరులో ఉంది?

అయితే కంప్యూటరు వద్దని నేను అనడంలా. మన సంఘంలో కొందరు తమ్ముళ్ళు "ఆ నంబర్లన్నీ చించెయ్యండి" అంటున్నారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది. రికార్డు లేని బాధ మనకి తెలిసినంత ఎవరికి తెలుసు? వానకి గుడిసె కారితే మందుల చీటీ తడిసిపోద్ది. వలసపోయిన ఇటుక బట్టీ కాడ డాక్టరుకి ఇక్కడ ఏ మందు వాడారో తెలీదు. చేసిన రక్తపరీక్షే మళ్ళీ చేసి మళ్ళీ డబ్బు గుంజుతారు. ఊళ్ళో ఏఎన్ఎమ్ చూసిన బీపీ, మండలంలో రాసిన మందు, నెల్లూరు పెద్దాసుపత్రిలో చేసిన పరీక్ష ఒకే చోట కలిస్తే, ఎక్కడ డాక్టరైనా చూడగలిగితే, మొదట మేలు జరిగేది మనకే. కేంద్రం 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, అందులో ఇచ్చే 'ఆభా' నంబరు ఈ పనికే అంటున్నారు. మంచిదే. అడగాల్సింది ఒక్కటే: ఆ దారాల కొస ఎవరి చేతిలో ఉంది?

మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. దాని వల్ల గుండె ఆపరేషన్లు జరిగి బతికినవాళ్ళు మన వాడల్లో ఉన్నారు, కాదనను. దాని పని మొదట్నించీ కంప్యూటరు మీదే. ఆపరేషనుకి అనుమతి, ఫోటో, బిల్లు అన్నీ ఆసుపత్రి నుంచి ట్రస్టుకి పోతాయి. అంటే ముందు కలిసింది బిల్లు. రోగి చేతికొచ్చేది అర్థంకాని ఇంగ్లీషు డిశ్చార్జి కాగితం. డబ్బుకి దారి వేసినవాళ్ళకి మనిషికి దారి వెయ్యడం చేతకాదా?

ఇంకో ప్రమాదముంది. 2018లో మన రాష్ట్రంలోనే జరిగింది. గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బయటపడ్డాయి. కులం, మతం పెట్టి వెతికితే ఎవరి ఇల్లు ఎక్కడుందో తెలిసేలా ఉండింది. అదే ఏడాది అన్న సంజీవని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోను నంబరుతో సహా బయట కనపడింది. శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు బయటపెట్టాకే అవి మూతపడ్డాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో కులం, ఇల్లు. ఇంకోదాంట్లో మందు. రెండూ కలిస్తే ఏమైద్ది? టీబీ ఉన్న కూలీకి పని పోద్ది. హెచ్ఐవీ ఉన్న తల్లి బిడ్డ బడిలో వేరే కూర్చుంటాడు. వెలివాడని చెరిపేస్తామన్న యంత్రమే దాని పటం గీసిపెట్టింది.

ఒక హెచ్చరిక. కోపం ఏఎన్ఎమ్ మీద, ఆశా మీద చూపించొద్దు. వాళ్ళలో చాలామంది మన ఆడబిడ్డలే. రిజిస్టరు రాసి, మళ్ళీ అదే యాప్‌లో ఎక్కించి, సిగ్నలు లేక చెట్టుకింద నిలబడేది వాళ్ళే. మన పోరాటం పైవాళ్ళతో.

మనం అడగాల్సినవి ఇవి:

1. నంబరు లేదని, వేలు పడలేదని, ఓటీపీ రాలేదని ఎవర్నీ తిప్పి పంపకూడదు. ముందు వైద్యం. 'ఆభా' ఇష్టమైతేనే. అది లేదని సేవ ఆపకూడదని 2020 డిసెంబరు నాటి కేంద్ర ఆరోగ్య సమాచార విధానమే చెప్తోంది. ఆధారే లేని యానాది కుటుంబాలకి ఇది ప్రాణం.

2. చూసిన ప్రతిసారీ తెలుగులో అచ్చు కాగితం చేతికివ్వాలి.

3. సొంత ఫోను లేనివాళ్ళ సమ్మతి చదివి వినిపించి, కాగితం మీద తీసుకోవాలి. పరాయి ఫోనుకి ఓటీపీ సమ్మతి కాదు.

4. కౌంటరు తెర మీద కులం కనపడకూడదు. కానీ ఎంతమంది దళిత, గిరిజన తల్లులు కాన్పులో చనిపోతున్నారో ఏటా ప్రకటించాలి. మాకు లెక్క కావాలి, పేర్లు బజార్న పడకూడదు.

5. మన రికార్డు ఎవరు తెరిచారో మనం అడిగితే చెప్పాలి.

వచ్చే గ్రామసభలో ఈ అయిదూ రాసిచ్చి రసీదు తీసుకోండి. ఈలోపల ప్రతి వాడలో చదువుకున్న పిల్ల ఒకతె నోటుబుక్కు పెట్టాలి. ఇంటికో పేజీ, ఇష్టపడినవాళ్ళకే. బీపీ ఎంత, షుగరెంత, ఏ మందు, ఎప్పటి నుంచి. ఆ పేజీ ఆ ఇంటోళ్ళదే.

మన జిల్లాలోనే, దూబగుంటలో, చదువు ఉద్యమంలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు 1992లో సారాకి ఎదురు నిలిచారు. మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్షరం చేతికొస్తే అంత పనయింది. మన ఒంటి లెక్క మనం చదువుకునే రోజు రావాలి. చూడమ్మా, నీ కాలు ముందు చూస్తామని మా పెద్దమ్మతో అనేదాకా ఏ తెరకైనా కులం ఉన్నట్టే లెక్క.

జై భీమ్!