నలుగురి బాజీలో సబర్

మ్యాజిక్: ది గ్యాదరింగ్‌లో కమాండర్ డెక్ కట్టుకునే పిల్లలకు ముందు డ్రాగన్ల మీదే షౌక్ పుడుతుంది. నా రాయ్ వేరు. 100 కార్డుల్లో 36 నుంచి 38 దాకా ల్యాండ్లే ఉండాలి. అవి లేకుండా ఎంత ఖతర్నాక్ ఫౌజ్ చేతిలో ఉన్నా, దస్తర్‌ఖాన్ పరిచి ఖాళీ దేగ్ తెచ్చిపెట్టినట్టే. ఆ తర్వాత కొత్త కార్డులు చేతికి తెచ్చిచ్చే కార్డులు ఓ పది. డ్రాగన్లు మిగిలిన జాగాలో సర్దుకుంటాయి.

ఇద్దరి ఆటలో దుష్మన్ ఒక్కడే. మన కార్డు ఒకటి పోయి వాడిది ఒకటి పోతే హిసాబ్ బరాబర్. కమాండర్‌లో మామూలుగా నలుగురు కూర్చుంటారు. అక్కడ ఇద్దరు కొట్టుకుంటే మిగతా ఇద్దరికీ ముఫ్త్‌లో ఫాయిదా. అందుకే టేబుల్ మొత్తాన్ని ఊడ్చేసే కార్డులు మూడు నాలుగైనా పెట్టుకోవాలి. మొదట్లోనే బాద్‌షాలా ఎగిరితే ముగ్గురూ ఏకమై మీద పడతారు. 40 ప్రాణం ఎంతోసేపు నిలవదు.

ఇక పైసల సంగతి. బూస్టర్ ప్యాకెట్లో ఏముందో చింపేదాకా తెలియదు. అది జువా అవునో కాదో ఆలిమ్‌లను అడగండి, ఫత్వా ఇవ్వడం నా పని కాదు. జేబు ఖర్చు మాత్రం అందులోనే కరిగిపోతుంది. రెడీమేడ్ కమాండర్ డెక్ 100 కార్డులతో పూర్తిగా దొరుకుతుంది. అది కొనిచ్చి, తర్వాత కావలసిన కార్డులు ఒక్కొక్కటీ విడిగా కొనుక్కోనివ్వండి. ఏదో మహంగా కార్డు కోసం జిద్ చేస్తే ఆట ఖాయిదా గుర్తుచేయండి: బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ కార్డూ డెక్‌లో రెండోది పెట్టకూడదు. 100లో ఆ ఒక్కటి చేతికి రాని బాజీలే ఎక్కువ.