శాసనసభలో నొక వైద్యురాలు



శాసనసభ్యులనగా ఎన్నికలనాడు చేతులు జోడించి మన గడపయెదుట నిలుచువారనియే మనలో పెక్కండ్రు తలంతురు. సభలోనికి బోయిన పిదప వారేమి చేయుదురో విచారించుట యరుదు. ఓట్లకై యొక్క గడపయు ద్రొక్కకయే సభ జేరి, మూడేండ్లలో చిరకాలము నిలుచు పని చేసిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారిని గూర్చి ఈ మాసము వ్రాయుచున్నాను.

ఆమె 1886లో పుదుక్కోటలో జన్మించిరి. తండ్రి నారాయణస్వామయ్యరుగారు అచ్చటి కళాశాలకు అధ్యక్షులు; తల్లి చంద్రమ్మగారు దేవదాసీకులమున బుట్టినవారు. మగపిల్లల నడుమ కూర్చుండి చదివి, 1912లో చెన్నపురి వైద్యకళాశాలనుండి పట్టమందిరి. 1914లో డాక్టరు సుందరరెడ్డిగారిని వివాహమాడునపుడు, తన్ను సమానురాలిగా జూడవలెననియు, తన యిష్టమున కడ్డు రాగూడదనియు షరతు పెట్టిరట. ఈ మాట చదివి వినిపింపగా మాయింటివారు నవ్విరి. నేను నవ్వలేదు.

స్త్రీల సంఘమువారి కోరికపై ప్రభుత్వమామెను మదరాసు శాసనసభకు నియమించెను. మన సర్కారు జిల్లాలును రాయలసీమయు అప్పుడా రాజధానిలోనివే. 1927లో సభ్యులందరు నేకగ్రీవముగా ఆమెను ఉపాధ్యక్షురాలిగా నెన్నుకొనిరి.

అదే సంవత్సరము ఆమె దేవదాసీసమర్పణమును మాన్పవలెనని తీర్మానము తెచ్చిరి. ఇందలి చిక్కు భూమిలో నున్నది. గుడిసేవకై యొక స్త్రీకి ఇనాము గలదు. ఆ మాన్యము ఇల్లు విడిచిపోకుండవలెనన్న, ఆమె తరువాత మరియొక బాలికను దేవునికి ముడిపెట్టవలసినదే. వలదని తల్లికి బుద్ధి చెప్పుట సులువు. ఆ యింటి గ్రాసమునకు దారి యేది? ముత్తులక్ష్మిగారు ముందుగా ఈ ముడినే విప్పిరి. 1929లో దేవాదాయశాసనమునకు వారు తెచ్చిన సవరణవలన, కొంత పన్ను చెల్లించినచో భూమి ఆ స్త్రీలదే యగును. సేవచేయవలసిన బాధ్యత తొలగును. చిన్ననాట మా తండ్రిగారు చెప్పిన ప్రబంధములలో గుడిసానుల నాట్యమును నగలును వర్ణితములుగాని, ఈ ఇనాము లెక్క యొక్కచోటను గానరాదు.

ఎదిరించినవారిలో ఆచారపరులైన పురుషులే గాక దేవదాసీలును గలరు. బెంగుళూరు నాగరత్నమ్మగారు, 1910లో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను అచ్చువేయించిన విదుషీమణి, వారి పక్షమున నిలిచిరి. తమ్మందరిని వేశ్యలతో జమకట్టుట యన్యాయమనియు, విద్యయు ఆస్తిహక్కును పోవుననియు వారి వాదము. నాకు ముత్తులక్ష్మిగారి మాటయే న్యాయముగా దోచును. ఎనిమిదేండ్ల పిల్ల సమ్మతి నెవరడిగిరి? అయినను సంగీతవిద్యను గూర్చి ఆ స్త్రీలు పడిన భయము వట్టిది కాదు.

1930లో గాంధీమహాత్ముని నిర్బంధమునకు నిరసనగా ఆమె సభ్యత్వమును వదలుకొనిరి. ఆ యేడే, ఏ వసతిగృహమును చేర్చుకొనని ముగ్గురు దేవదాసీబాలికలు ఆమె గుమ్మము తట్టిరి. వారిని తన యింటనే యుంచుకొనిరి. అదియే అవ్వై గృహమైనది. చెల్లెలు పుట్టకురుపుచే మరణించిన దుఃఖమును మరువక, 1954లో అడయారున క్యాన్సరు ఆసుపత్రిని నెలకొల్పిరి. 1968లో దివంగతులైరి.

సమర్పణమునే నిషేధించుటకు ఆమె తెచ్చిన బిల్లుమాత్రము రాజీనామాతో నిలిచిపోయి, 1947లో గాని శాసనము కాలేదు. ఆ పదునేడేండ్లలో గజ్జెకట్టిన పిల్లలెందరో!