పాత సామాన్ల ఆటో వచ్చేలోపు ఒకసారి అటక ఎక్కండి

మిరప రేటు గురించి రాస్తాననుకుంటారేమో, ఈరోజు కిరసనాయిలు దీపం గురించి రాస్తున్నా. కొంచెం ఓపిగ్గా చదవండి.

పోయిన నెల పాత సామాన్లు కొనేవాడు మా ఊరొచ్చాడు. నేను చేలో ఉన్నా. ఇంట్లోవాళ్ళు విరిగిన స్ప్రేయరు, తుప్పు రేకులతో పాటు మా నాన్న గాజు బుడ్డి దీపం కూడా వేసేశారు. బదులుగా ఒక ప్లాస్టిక్ బేసిన్ వచ్చింది. చిమ్నీ విడిగా గుడ్డలో చుట్టి ఉండబట్టి అదొక్కటే మిగిలింది. నేను పదో తరగతి చదివింది ఆ దీపం ముందే. తప్పు ఇంట్లోవాళ్ళది కాదు. అది దాచుకోవాల్సిన వస్తువని నేనే ఏనాడూ చెప్పలేదు.

పట్నాల్లో ఇలాంటివి వెతికి మరీ కొని, అద్దాల బీరువాల్లో పెట్టుకునేవాళ్ళున్నారు. వాళ్ళని తప్పు పట్టను, పగలకుండా చూసుకుంటున్నారు. కానీ ఆ దీపం ఏ ఇంట్లో వెలిగిందో, ఏ చేనుకెళ్ళిందో వాళ్ళకెలా తెలుస్తుంది? అది చెప్పగలిగేది మనమే.

1967లో సాగర్ కాలవలకి నీళ్ళొదిలారు. ఆ తర్వాత మన పెద్దోళ్ళు రాత్రిపూట వంతు నీళ్ళు కట్టడానికి పోయింది లాంతరు పట్టుకునే. గట్టు మీదున్నది తాడో పామో చూపించింది అదే. దాని పనితనం చూడండి. గాజు లోపల వేడిగాలి పైకి పోతుంటే, రెండు పక్కల గొట్టాల్లోంచి గాలి కిందకి దిగి మంటకి అందుతుంది. అందుకే బయట గాలి కొట్టినా చప్పున ఆరదు.

మన నాగార్జునకొండ మ్యూజియంలో ఇక్ష్వాకుల కాలం నాటి శిల్పాలు భద్రంగా ఉన్నాయి. కారంపూడిలో ఏటా పల్నాటి వీరులకి ఉత్సవాలు చేస్తున్నాం. మంచిదే. మరి రాత్రంతా బురదలో నిలబడి నీళ్ళు కట్టిన మనిషికి గుర్తేముంది? ఆయన లాంతరు కిలోల లెక్కన తూకానికి పోతోంది.

"కష్టాల గుర్తులు మనకెందుకయ్యా" అని మా బావ అన్నాడు. ఆ రోజులు మళ్ళీ రావాలని నేనూ కోరుకోను. ఆ మసి పీల్చినోణ్ణే, కరెంటు విలువ నాకు తెలుసు. కానీ ఎక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చామో పిల్లలకి నోటిమాటగా చెప్తే నమ్మరు, చేతిలో పెడితే నమ్ముతారు.

అందుకే నా మాట. ఇంటికొక్కటి ఉంచుకోండి. మిగతావి అమ్ముకుంటే అమ్ముకోండి, కానీ నాలుగు చోట్ల రేటు కనుక్కుని అమ్మండి. ఇత్తడి మర మీద, బుడ్డి అడుగున ఏమైనా అక్షరాలున్నాయేమో చూడండి, కంపెనీ, దేశం పేర్లుంటాయి. గాజుని ఇసకతో తోమొద్దు, గీతలు పడతాయి. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. బుడ్డికి బీట ఉంటే మాత్రం వెలిగించొద్దు, ఇల్లంటుకుంటుంది.

ఇంకో పని. ఇంట్లో అమ్మో, నాయనమ్మో ఉంటే ఆ దీపం ముందు కూర్చోబెట్టి, దాని సంగతులు చెప్పించి ఫోన్లో వీడియో తీయండి. దీపం డబ్బులిస్తే ఇంకోటి దొరుకుతుంది. ఆ మాటలు దొరకవు.

మా నాన్న లేడు, దీపం లేదు. చిమ్నీ మాత్రం కడిగి దేవుడి గూట్లో పెట్టా. మీరు నాలాగా ఆలస్యం చెయ్యకండి.